తలుపు మీద చెయ్యి

లోయలో ఊరంతా జ్వరాలతో మంచం పట్టింది. కొండమీది బౌద్ధ ఆరామం నుంచి గంజి మోసుకెళ్లాలి. సుమనుడికి మాత్రం కాళ్లు ముందుకు పడటం లేదు.

తోటి భిక్షువు తిస్సుడికి ఆ జబ్బు వచ్చి తగ్గింది. సుమనుడికి పోయిన నెల నర్సమ్మ వేసిన టీకాయే దిక్కు.

"దానితో కుస్తీ పట్టి లేచినవాణ్ణి తమ్ముడూ. నువ్వు సూది గుచ్చించుకున్నావు, అంతేగా!" పొద్దుట్నుంచీ తిస్సుడు ఒకటే దెప్పుడు.

సుమనుడు గురువు రేవతుడి దగ్గరికెళ్లి కూలబడ్డాడు.

"భంతే, దాన్ని నేనెప్పుడూ చూడలేదు. వస్తే నా ఒళ్లు గుర్తుపడుతుందా? మోసుకొచ్చి మీకు అంటిస్తానేమోనని భయంగా ఉంది."

ముసలాయన తన కుడిచెయ్యి శిష్యుడి ఒళ్లో పెట్టాడు. "కళ్లు మూసుకుని తడుము."

వంకర చిటికెనవేలు. బొటనవేలి మీద పాత మచ్చ. కాయలు కాసిన అరచెయ్యి. కిటికీలోంచి మంచు మెల్లగా లోపలికొచ్చి ఇద్దరి చుట్టూ చేరింది. అలా ఎంతసేపు తడిమాడో సుమనుడికే తెలీదు.

"సూది నీ ఒంటికి చూపించింది ఆ జబ్బు చెయ్యి మాత్రమే," అన్నాడు గురువు.

తర్వాత తిస్సుణ్ణి కూడా పిలిచి, ఇద్దరి కళ్లకూ గుడ్డలు కట్టి, మూసిన గది తలుపు బయట చెరోపక్క నిలబెట్టాడు.

"ఈ గది మీ ఒళ్లు. నేనే ఆ జబ్బుని. లోపలికి రానివ్వకండి."

తిస్సుడు నవ్వుకున్నాడు. ఏళ్ల తరబడి సేవ చేసినవాడు మరి. గురువుగారి దగ్గు, నడక, కంబళి వాసన అన్నీ అతనికి కొట్టినపిండి.

చాలాసేపు ఏ చప్పుడూ లేదు. మంచులో ఎక్కడో ఆకుల మీంచి నీళ్లు జారుతున్నాయి. సుమనుడికి తాను మేలుకునే ఉన్నానా అని అనుమానమొచ్చింది.

కంబళి వాసన ముందు పసిగట్టింది తిస్సుడే. "దొరికారు!" అంటూ గట్టిగా వాటేసుకున్నాడు. కంబళి చేతుల్లో ఉండిపోయింది. అందులో మనిషి లేడు.

అప్పుడే గడియ కిర్రుమంది. సుమనుడు చెయ్యి చాపాడు. వంకర చిటికెనవేలు తగిలింది. పట్టుకుని ఇక వదల్లేదు.

తిస్సుడు గుడ్డ తీసి చూశాడు. మొహం చిన్నబోయింది. కంబళి కిందపెట్టి వచ్చి గురువు రెండో చెయ్యి పట్టుకున్నాడు.

"చెయ్యి నాకూ తెలుసు భంతే. తొందరపడి కంబళి మీద పడ్డాను."

"ఎన్ని కంబళ్లు మార్చుకొచ్చినా, తలుపు తియ్యాలంటే చెయ్యి పెట్టాల్సిందే కదా," అన్నాడు గురువు.

కళ్లకు కట్టుకున్న గుడ్డలనే శిష్యులిద్దరూ ముక్కుకూ మూతికీ కట్టుకున్నారు. గంజికుండ ముందుగా ఎత్తుకున్నది సుమనుడే.