చదవకుండా తుడిచిన లాగ్

కోపాన్ని మనసులోంచి ఆనవాలు లేకుండా తుడిచేయడం ఎలాగని సువర్చల అడిగింది. ఆ జిల్లా ఆసుపత్రి కంప్యూటర్ గదిలో ఆమె చేరి ఏడాది. ఏం చెడినా సూపరింటెండెంటు ఆమెనే నలుగురిలో దులిపేవాడు. తక్కినవాళ్లు కాస్త ఓర్చుకోమ్మా అనేవారు. ఓర్పు పాఠం ఎప్పుడూ తిట్లు తిన్నవాళ్లకే చెబుతారు. తిట్టినవాడికి ఆ తరగతే ఉండదు.

ఆమెకు పని నేర్పిన పైడమ్మగారు యూనిక్స్ సర్వర్లతో ముప్పై ఏళ్లు వేగిన మనిషి. ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. చూద్దాంలే అని టీ తాగి లేచారు.

మర్నాడు పదకొండింటికి, రోగుల రిపోర్టులుండే సర్వర్లో చోటు నూటికి నూరుపాళ్లూ నిండిపోయింది. కొత్త రక్తపరీక్ష ఒక్కటీ ఎక్కడం లేదు. కింద రోగులు గోడ పొడుగునా కూలబడ్డారు. సువర్చల వెతగ్గా, ఏదో ప్రోగ్రామ్ తన గోడు రాసుకునే లాగ్ ఫైలు కొండంత పెరిగి కనబడింది. తెరిచి చూడకుండానే తుడిచేసింది. పేరు పోయింది గాని, చోటు వేలెడైనా రాలేదు.

ఇంతలో సూపరింటెండెంటు ఫోనులో అరిచాడు. పాత రోగుల రిపోర్టులన్నీ తీసిపారేయాలట, నకళ్లు రెండో సర్వర్లో ఎలాగూ ఉన్నాయట, ఆ మాత్రం బుర్ర లేదా అట. సువర్చల పళ్లు బిగించి కమాండ్ టైపు చేసింది. ఎంటర్ నొక్కబోతుంటే పైడమ్మగారు ఆమె మణికట్టు పట్టుకున్నారు.

"పేరు తుడిచావు సరే. పట్టుకున్న చెయ్యి వదిలిందా?"

ఫైలు పేరు తీసేసినా, దాన్ని తెరిచి పట్టుకున్న ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపూ ఆ ఫైలు చావదు; కంటికి కనబడకుండా చోటు తింటూనే ఉంటుంది. ఆ ప్రోగ్రామ్ గుప్పిట్లోంచే లాగ్ తెరిచి చదవమన్నారావిడ. సువర్చల చదివింది. మూడు నెలలుగా, నిమిషానికి పదిసార్లు, ఒకటే మాట: రెండో సర్వర్ నన్ను లోపలికి రానివ్వడం లేదు, రిపోర్టుల నకలు తీయలేకపోయాను.

మూడు నెలల కిందట పాత రెండో సర్వర్ని పారేసి కొత్తది తెప్పించి, రిబ్బన్ కత్తిరించి ఫొటో దిగింది సూపరింటెండెంటే. దాని పాస్‌వర్డ్ తన దగ్గరే ఉండాలని పట్టుబట్టిందీ ఆయనే. నకళ్ల ప్రోగ్రామ్‌కు అది కావాలని సువర్చల రెండుసార్లు వెళ్లి అడిగింది. నీకెందుకు, నీ పని చూసుకో అని రెండుసార్లూ నలుగురి ముందే కసిరాడు. ఆయనే ఎక్కించి ఉంటాడులెమ్మని మూడోసారి ఆమె వెళ్లలేదు. ఓర్చుకుంది. కొత్త సర్వర్లో నకలన్నది ఒక్కటీ లేదు. ఆ ఎంటర్ నొక్కి ఉంటే, ఎన్ని వేలమంది కణితులూ కిడ్నీలూ గాల్లో కలిసిపోయేవో.

పైడమ్మగారు లాగ్ చివరి పేజీని ప్రింటు తీయించి, అప్పుడు ప్రోగ్రామ్‌ను ఆపించారు. పట్టు వదిలింది. చోటు ఒక్కసారిగా తిరిగొచ్చింది. కింద వరుస కదిలింది.

ఫోను మళ్లీ మోగింది, ఆయనే. సువర్చల ముఖం తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఎప్పటిలాగే మెత్తగా సార్ అనబోయింది. పైడమ్మగారు ఆ కాగితం ఆమె చేతిలో పెట్టారు.

"తుడవకు. చదివి వినిపించు."