రాజావారి పాత కార్లు, దివాన్‌గారి చెవి

ఒకనాటి సాయంత్రం గుమ్మలూరు రాజావారు దర్బారులో ఉన్నట్టుండి ప్రకటించారు.

"మన గ్యారేజీలో ఉన్న పాత కార్లన్నీ అమ్మేస్తున్నాం. వాటి బదులు ఒకే ఒక్క కొత్త కారు తెస్తున్నాం."

గ్యారేజీ అంటే కోట వెనక ఉన్నది కాదు. అందులోని కార్లు రాజావారి తండ్రిగారి కాలంతోనే పోయాయి. ఇప్పుడక్కడ వడియాలు ఎండబెడుతున్నారు. రాజావారు అంటున్నది టీవీలో ఆడే రేసుల ఆటలోని గ్యారేజీ. రాజ్యం పోయి, ఏనుగులు పోయి, ఆఖరికి గుర్రబ్బండి కూడా పోయాక రాజా రంగనాయక జగపతి వారికి మిగిలిన సైన్యం అదొక్కటే. ఆ ఆటలో పాత కార్ల బజారు ఒకటుంది. పొద్దున్నే అందులో దూరి, ఎవరూ కన్నెత్తి చూడని బళ్లు ఏరుకొచ్చి, ఇంజను మార్పించి, టైర్లు మార్పించి పందేలకు దింపడమే వారి రాచకార్యం.

ఆ పనిలో వారికి తోడు వల్లభయ్య. ఆస్థానంలో హాస్యం చెప్పడం అతని వంశంలో వస్తున్న ఉద్యోగం.

ప్రకటన వినగానే వల్లభయ్యకు ముందు గుర్తొచ్చింది ఒకే ఒక్క బండి. గ్యారేజీలో ఒక ఆకుపచ్చ డబ్బా కారుంది. రాజావారి తండ్రిగారు నడిపింది అచ్చం అలాంటిదే. దాన్ని బజారులో చూసిన రోజు రాజావారు తెరవైపు చూస్తూ ఉండిపోయారు. ఆ వర్షాకాలమంతా ఇద్దరూ దాని వెంటే పడ్డారు. స్ప్రింగులు బిగించారు, వదులు చేశారు, మళ్లీ బిగించారు. మలుపు తిరిగినప్పుడల్లా పల్టీ కొట్టే బండి కాస్తా బుద్ధిగా తిరగడం నేర్చుకుంది. ఆటలో ఒకసారి అమ్మిన బండి మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం లేదు.

ఈ ఆలోచన ఎవరిదో అడగక్కర్లేదు. దివాన్ భుజంగరావు మీసం దువ్వుకుంటున్నాడు.

"అదంతా పాత ఇనప సామాను ప్రభూ. ఒక్క ఇంజనూ ఆరోగ్యంగా లేదు. నాకు కంటితో చూడక్కర్లేదు. శబ్దం వింటే చాలు, బండి జాతకం చెప్పేస్తాను."

రాజావారి బొటనవేలు చేతిలోని కంట్రోలరు మీద అమ్మకం మీటకి వెళ్లింది. వల్లభయ్య లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, అంతటి విద్య మన దర్బారులో పెట్టుకుని ఒక్కసారైనా చూడకపోతే ఎలా? దివాన్‌గారు కళ్లు మూసుకుని చెబుతారు. పనికిరాదన్న బండిని నా చేత్తో నేనే అమ్ముతాను. ఒకవేళ తప్పితే..."

"తప్పితే?" అన్నాడు భుజంగరావు.

"అబ్బే, మీ విషయంలో ఆ మాట రాదు కదండీ."

భుజంగరావు ఉత్తరీయంతో తన కళ్లకు తనే గంతలు కట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

రాజావారు మొదటి బండిని ఉరికించారు.

"ఎర్రబండి. సైలెన్సరు ఈమధ్యే మార్చారు."

నిజమే. పొద్దుటినుంచీ రాజావారు నడుపుతున్నది అదొక్కటే. హాల్లో గూడు కట్టిన పిచ్చుకని అడిగినా ఆ మాట చెప్పేది.

"శభాష్!" అన్నాడు వల్లభయ్య.

రాజావారు రెండోది, ఆ ఆకుపచ్చ బండిని తెరమీదికి తెచ్చారు. ఇంకా దాన్ని కదిలించనే లేదు, పక్కనున్న వంటింట్లో వంటమనిషి మాణిక్యమ్మ పెసరట్లలోకి చట్నీకని మిక్సీ ఆన్ చేసింది.

వల్లభయ్య చటుక్కున రిమోట్ అందుకుని టీవీ గొంతు నొక్కేశాడు.

రాజావారు తలతిప్పి చూశారు. వల్లభయ్య చేతులు జోడించాడు. రాజావారు వంటింటి తలుపువైపు ఒకసారి, దివాన్‌గారి వీపువైపు ఒకసారి చూసి, కంట్రోలరు మెల్లగా ఒళ్లో పెట్టుకున్నారు.

గుర్ర్... గుర్ర్... గుయ్య్య్!

భుజంగరావు తల పక్కకు వాల్చాడు.

"ఆహా! వినండి ప్రభూ, ఇది మొదటి గేరు."

మాణిక్యమ్మ మిక్సీ ఆపింది. గరిటెతో లోపలిది కిందికి తోసి మళ్లీ తిప్పింది.

"రెండో గేరు పడబోయి ఆగిపోయింది. చూశారా? క్లచ్ అరిగిపోయింది. లోపల ఏదో టకటకా తగులుతోంది కూడా. పిస్టన్లే, సందేహం లేదు."

"బాగుచేయొచ్చా?" అనడిగారు రాజావారు. వారి మొహంలో ఏ మార్పూ లేదు.

"టర్బో బిగించినా లాభం లేదు ప్రభూ. పూర్తిగా ఎండిపోయింది."

"కాసిని నీళ్లు పోస్తే?" అన్నాడు వల్లభయ్య వినయంగా.

"నీళ్లా! ఇంజన్లో నీళ్లు పోస్తారటయ్యా ఎక్కడైనా?"

వంటింట్లో మాణిక్యమ్మ నీళ్లు పోసింది. శబ్దం సాఫీ అయింది.

"అదిగో," అన్నాడు భుజంగరావు జాలిగా. "ప్రాణం పోయేముందు ఇలాగే కాస్త తేరుకుంటుంది."

శబ్దం ఆగిపోయింది.

"పోయింది. ఇంక అమ్మేయండి ప్రభూ."

తలుపు తెరుచుకుంది. మాణిక్యమ్మ మిక్సీ గిన్నె పట్టుకుని వచ్చింది.

"దొరగారూ, చట్నీలో ఉప్పు సరిపోయిందేమో చూస్తారా?"

భుజంగరావు గంతలు లాగేసుకున్నాడు. గిన్నెను చూశాడు. చప్పుడు లేని టీవీని చూశాడు. కదలకుండా నిలబడి ఉన్న ఆకుపచ్చ బండిని చూశాడు. మళ్లీ గంతలు కట్టుకుంటే బాగుండుననిపించింది కాబోలు, ఉత్తరీయం చేతిలోనే పట్టుకున్నాడు.

రాజావారు చట్నీ రుచి చూసి గిన్నె వల్లభయ్యకు అందించారు.

"దివాన్‌గారు చెప్పిన రోగాల గురించి నువ్వేమంటావయ్యా?"

వల్లభయ్య వేలితో ఇంత తీసి నాలిక మీద వేసుకుని, క్షణం సేపు ఆలోచించాడు.

"క్లచ్ సంగతి నాకు తెలీదు ప్రభూ. అల్లం మాత్రం కాస్త తగ్గింది."

రాజావారు నవ్విన నవ్వుకు చూరులో పావురాలు లేచిపోయాయి. కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వి, అమ్మకం రద్దు చేశారు. ఆ ఆకుపచ్చ బండిని వారు అంతవరకూ నడపమని ఎవరి చేతికీ ఇచ్చి ఎరగరు. అలాంటిది తమ కంట్రోలరు తీసి వల్లభయ్య చేతిలో పెట్టారు.

"ఇవాళ్టి పందెం నువ్వు నడుపు."

తర్వాత వంటింటివైపు తిరిగి కేకేశారు.

"మాణిక్యమ్మా, దివాన్‌గారికి చట్నీ కాస్త ఎక్కువ వెయ్యి. పాపం, ఆ బండి చావు విని బెంగ పెట్టుకున్నారు."