నూకాలు బీరపాదు

అనగనగా కొండ కింద ఒక ఊరు. ఊరి పేరు అడక్కండి. చెప్పానంటే మాదంటే మాదని మూడూళ్ళవాళ్ళు తగువుకొస్తారు.

ఆ ఊళ్ళో నూకాలని ఒక పేదరాలు. ఒక కాలు కుంటి. మొగుడు అప్పన్న, కూతురు పైడమ్మ కొండెక్కి చీపురుపుల్లలు కోసుకొస్తే, తను ఇంట్లో కూర్చుని చీపుళ్ళు కట్టేది.

కొండ మీద ఒక పులి. పొద్దు గూట్లో పడిందా, కిందికి దిగేది. ఎండాకాలం పర్వాలేదు, సూర్యుణ్ణి చూసుకుని జనం ఇళ్ళకి చేరేవాళ్ళు. ముసురు పట్టిందా, చచ్చారే! పొద్దున్నా మబ్బే, మధ్యాహ్నమూ మబ్బే. ఎంత పొద్దయిందో ఎవడు చెప్పాలి? ఒక ఏడు గొర్రెలకాపరి "ఇంకా పొద్దుందిలే" అన్నాడు. రాలేదు. మరుసటేడు కట్టెలకెళ్ళిన అవ్వ "ఇంకా పొద్దుందిలే" అంది. రాలేదు. మూడో ఏడు అప్పన్న కూతుర్ని ముందు పంపేసి, "ఇంకా పొద్దుందిలే, ఇంకో మోపు కోసుకొస్తా" అన్నాడు. తలపాగా ఒక్కటే దొరికింది.

నూకాలు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి తలెత్తితే, కంచె మీద బీరపాదు పచ్చగా పూస్తోంది. ఆకాశంలో సూర్యుడి జాడ లేదు. పువ్వు విచ్చాక కుండెడు అన్నం ఉడికేలోగా చీకటి పడింది. మర్నాడూ అంతే. మూడోనాడూ అంతే. మనిషికి తెలియని పొద్దు ఈ పాదుకి తెలుసే అనుకుంది నూకాలు.

మరుసటేడు వానలకి ముందే కొండవైపు పందిరేసి బీరగింజలు పెట్టింది. కాయల కోసం కాదు. రోజూ మొగ్గలకేసి కళ్ళప్పగించి కూర్చునేది. పువ్వు విచ్చగానే కర్ర పట్టుకుని లేచి, కొండకేసి మూడు కేకలు పెట్టేది: "బీర పూసిందోయ్!"

"కాయ కాయకముందే చాటింపేటే నూకాలత్తా!" అని జనం పడీపడీ నవ్వారు. ఒకనాడు ఆ కేక విని దిగొచ్చినవాళ్ళు మర్నాడు చూస్తే, బురదలో తమ అడుగుల మీదే పులి అడుగులున్నాయి. ఆ తర్వాత నవ్వితే ఒట్టు. కేక వినగానే కొండంతా ఖాళీ అయిపోయేది. పులికి తిండి కరువైంది.

శ్రావణంలో తొమ్మిది రోజుల ముసురు పట్టింది. పైడమ్మ పదిమందితో కొండ మీదుంది. నూకాలు పందిరి కింద నిలబడి చూస్తోంది. మొగ్గ కొస విచ్చుకుంటోంది. కంచె దగ్గర ఏదో కదిలింది. కుక్కేమో అనుకుంది. కుక్క కాదు. పులి! ఆకలికి ఆగలేక పొద్దుండగానే దిగొచ్చి, పొట్ట నేలకానించి ఆమెనే చూస్తోంది.

ఓరి నాయనో! ఇంటి తలుపు మూడడుగుల్లో ఉంది. పాకినా చేరొచ్చు. "నేను లోపలికి దూరితే కేక కొండకి చేరదు, ఇది పోయి దారికాస్తుంది. నా పిల్ల ఇంకా పొద్దుందనుకుని చీకట్లో దిగి, దీని నోట్లోకే నడుస్తుంది" అనుకుంది. ఆమెకి భయం లేదనకండి. చచ్చేంత భయం. ఆ భయంతోనే నోరు తెరిచింది.

"బీర పూసిందోయ్!" పులి చెవులు రిక్కించింది.

"బీర పూసిందోయ్!" పులి కంచె దూకింది.

"బీర..."

కొండ మీద పైడమ్మ చేతిలో కొడవలి ఆగిపోయింది. అమ్మ కేక ఏనాడూ అలా తెగలేదు. "పూసిందోయ్! పూసిందే అమ్మా, వస్తన్నానే!" అని అరుస్తూ పరుగెత్తింది. కొడవళ్ళు పట్టుకుని అందరూ ఆమె వెనకే దిగారు. వెలుగుండగానే, ఒక్కరు తక్కువ కాకుండా ఊళ్ళోకొచ్చి పడ్డారు. పందిరి కింద నూకాలు లేదు. చేతికర్ర ఉంది. పైన పువ్వులన్నీ విచ్చుకునున్నాయి.

ఆ పులి ఎప్పుడు చచ్చిందో ఎవడికీ గుర్తులేదు. నూకాలు గుర్తుంది. ఇప్పటికీ ఆ కొండ కింద ఊళ్ళల్లో కొండవైపు బీరపాదు పెడతారు. పువ్వు విచ్చే వేళకి ఇంటి ఆడది బయటికొచ్చి రెండు కేకలు నిండుగా వేస్తుంది. మూడోసారి "బీర..." అని ఆగిపోతుంది. మిగతాది కొండ దిగేవాళ్ళు అనాలి. అవతల్నుంచి "పూసిందోయ్" అని వినబడేదాకా ఆమె గుమ్మం లోపలికి పోదు.