తల వంచని నూకాలు

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైతే నా నోట్లో మిగిలిన ఒక్క పన్నూ ఊడిపోవాలి!

పూర్వం ఒక రాజధానిలో దండనాయకుడి రథం కదిలిందంటే, లేచిన దుమ్ముకి సూర్యుడే తుమ్మేవాడు. రథం వస్తుంటే దారిన పోయేవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ ఆగి, నేలకేసి తల వంచాలని ఆయన ఆజ్ఞ. వంచిన తలకి రథం ఎటొస్తోందో ఏం తెలుస్తుంది? ఎందరో చక్రాల కింద పడ్డారు.

మజ్జిగమ్మే నూకాలు మాత్రం ఆవేళ తలెత్తి, రథాన్ని చూసి, పక్కకి తప్పుకుంది. బతికింది గానీ భటులకి దొరికిపోయింది.

"నాకు తల వంచలేదు మహారాజా! దీని కళ్లు పొడిపించండి," అన్నాడు దండనాయకుడు కొలువులో.

ఎర్రగా కాల్చిన చువ్వలు రానే వచ్చాయి. వాటి సెగ నూకాలు మొహానికి తగులుతోంది. ఆ సెగకి కొలువులో స్తంభాలకి కూడా చెమటలు పట్టాయి.

"చిత్తం దొరా," అంది నూకాలు. "కానీ ముందు మీ సారథి సంగతి చూడండి. నేను తల వంచలేదంతే. వాడు రోజూ తమకి వీపు పెట్టి కూర్చుంటున్నాడు."

"ఓసి పిచ్చిదానా! వాడు దారి చూడకపోతే నా ప్రాణం పోదుటే?"

"నా కాళ్లకి సారథిని నేనే కదా దొరా! నేను చూసుకోకపోతే నా ప్రాణం పోదా?"

రాజుగారు చువ్వలు చల్లార్చమన్నారు. తల వంచాలన్న ఆజ్ఞ కూడా ఆ పూటే రద్దయింది.

సరేగానీ, లేచి ఎదుటి కొట్లో నాకో వక్కపొడి పొట్లం పట్రా. ఆ ఫోను ఇక్కడ పెట్టి వెళ్లు. దానికి తల వంచుకుని రోడ్డు దాటావో, చూడు!