గురుబారి చెక్క

అనగనగా ఒక కొండ. కొండకో దారి. దారి నిండా బండరాళ్ళు. ఏయ్, ఆ రేడియేటరు మూత జోలికి వెళ్ళకండి, మొహం కాలిపోద్ది! ఇంజను చల్లారాలి. అందాకా అందరం ఖాళీయే కదా, కూచోండి. చక్రం వెనకాల మోకాలెత్తు చెక్క ఎందుకని ఈ పాప అడిగింది. చెప్తాను, వినండి.

ఎప్పటి మాటో నాకు తెలీదు. మా నాన్నకీ తెలీదు. ఈ కొండ మీదకి డీజిలు వాసన కొత్తగా వచ్చిన రోజులనుకోండి. కొండ పైన జోడుమామిడి అని ఓ ఊరు. ఆ ఊళ్ళో లైకోను అని ఓ కుర్రాడు, గురుబారి అని వాడి అక్క. అమ్మా నాన్నా జ్వరాలొచ్చి పోతే ఆ అక్కే వాణ్ణి చంకనేసుకుని పెంచింది. పెళ్ళి కూడా చేసుకోలేదు. తమ్ముడే లోకం ఆవిడకి.

లైకోను కాఫీ తోటల్లో కష్టపడి ఓ పాత పికప్పు కొన్నాడు. నాలుగు చక్రాలూ లాగే బండి. సంత రోజున జనాన్ని కిందకి దింపేవాడు, సాయంత్రానికి పైకి తెచ్చేవాడు. బ్రేకులు అప్పటికే అంతంత మాత్రం. అందుకని ఎత్తు మీద బండి ఆగితే గురుబారి వెనక నించి గబుక్కున దూకి, చక్రం కింద చెక్క పెట్టేది. జానెడు చెక్క. "పెట్టేనురా తమ్ముడూ!" అని ఆవిడ కేకేస్తే తప్ప వాడు బ్రేకు మీంచి కాలు తీసేవాడు కాదు. బండి కదిలేటప్పుడు చెక్క తీసి ఒళ్ళో పెట్టుకుని కూచునేది.

ఇంతలో బండికో తెగులు వచ్చింది. దాని కడుపు దారిలో బండలకి కొట్టుకుంటోంది. లైకోను కొండ కింద టీ కొట్టు దగ్గర సలహా అడిగేడు. అడగడమే పాపం! టీ గ్లాసు పట్టుకున్న ప్రతివాడూ మెకానిక్కే కదా మన దేశంలో.

ఒకడు కలప లారీ తోలేవాడు. "బండి ఎత్తు పెంచరా. కింద బరువు మోసే కమానులకి రెండేసి ఇనప పట్టీలు ఎక్కువ వెయ్యి" అన్నాడు.

లైకోను పట్టీలు వేయించేడు. బండి జానెడు పైకి లేచింది. హేండు బ్రేకు తీగ అందలేదు. విప్పి అవతల పారేసేడు. బ్రేకు నూనె గొట్టం అందింది గానీ, బట్టలారేసే తాడులాగ బిగుసుకుపోయింది. "అందింది కదా, చాల్లే" అన్నాడు.

గురుబారి టీ కొట్టు ముందు బండి చుట్టూ తిరిగి చూసింది. "ఎక్కడం సరేరా తమ్ముడూ, ఆగడం ఎలాగ?" అంది.

టీ కొట్టంతా గొల్లున నవ్వింది.

ఇంకొకడు టైర్లు అమ్మేవాడు. "ఎత్తు పెంచితే చాలదురా, పెద్ద టైర్లు వెయ్యి. బండల్ని తొక్కుకుంటూ పోద్ది" అన్నాడు. లైకోను పెద్ద టైర్లు వేయించేడు. నిజంగానే తొక్కుకుంటూ పోయింది. మొదటిసారి ఎత్తు మీద ఆగినప్పుడు గురుబారి పెట్టిన చెక్కని కూడా తొక్కేసి రెండడుగులు వెనక్కొచ్చింది.

"ఎక్కడం సరేరా తమ్ముడూ, ఆగడం ఎలాగ? అన్నీ పెంచేవు, నా చెక్క కూడా పెంచరా. మోకాలెత్తు చెక్క ఒకటి కోయించి పెట్టు."

"కోయిస్తాలేవే. పొయ్యిలోకి పనికొచ్చే చెక్క గురించి ఇంత గొడవేటి?" అన్నాడు. కోయించలేదు.

మూడోవాడు సంత షావుకారు. "ఇంత ఎత్తు బండికి పైన కేరియరు లేకపోతే ఎలాగరా? ఇంకో పదిమంది ఎక్కుతారు" అన్నాడు. లైకోను కేరియరు కట్టించేడు. ఇంజను పాతదే. క్లచ్చు పాతదే. చెక్కా పాతదే.

"ఎక్కడం సరేరా తమ్ముడూ..."

"ఆగడం ఎలాగ! తెలుసులేవే! ఆ మాట తప్ప ఇంకోటి రాదా నీకు? ఎక్కు, ఎక్కు."

అక్క ఎక్కింది. ఒళ్ళో చెక్క పెట్టుకుంది.

ఆ సాయంత్రం సంత నించి తిరిగొస్తున్నారు. బండి నిండా జనం, పైన జనం. ఉప్పు మూటలు, కిరసనాయిలు డబ్బాలు, చంటి పిల్లలు. ఇదిగో, మనం ఇప్పుడు ఆగిన ఈ మలుపే. అటు చూడండి లోయ. మరీ అంచుకి వెళ్ళకండి!

ఇక్కడికొచ్చేసరికి ఆ బరువుకి, ఆ టైర్లకి క్లచ్చు కాలిపోయింది. ఇంజను గీపెడుతోంది, చక్రం తిరగదు. లైకోను బ్రేకు తొక్కేడు. బిగుసుకున్న గొట్టం పుటుక్కున తెగింది. కాలు నేలకి తగిలింది. హేండు బ్రేకు లాగుదామంటే దాని తీగ లేనే లేదు. బండి వెనక్కి జారడం మొదలెట్టింది.

"అక్కా!" అని ఒకటే కేక.

అక్క అప్పటికే దూకింది. చెక్క పెట్టింది. టైరు ఎక్కి దిగింది. పరిగెత్తి మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎక్కి దిగింది. ఇంక వెనకాల రోడ్డు లేదు, లోయే ఉంది. అంచున ఓ బండ. అదిగో, ఆ బండే. దానికి వీపు ఆనించి కూలబడి, చెక్క పెట్టి, చెక్క వెనకాల రెండు కాళ్ళూ తన్నిపెట్టింది. టైరు చెక్క ఎక్కింది. కాళ్ళు ఎక్కింది. అక్కడ ఆగింది.

అయ్యో అంటే ఏం లాభం చెప్పండి. ఆవిడ అరవలేదట. "పెట్టేనురా తమ్ముడూ" అందట. అలవాటు.

పిల్లల్ని దింపేరు. ముసిలోళ్ళని దింపేరు. చక్రం కింద రాళ్ళు పేర్చి అప్పుడు ఆవిణ్ణి లాగేరు. లైకోను అక్క తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"అందరూ దిగేరా?"

"దిగేరక్కా."

"పిల్లలు?"

"దిగేరక్కా. నీకు పెద్ద చెక్క కోయిస్తానక్కా, రేపే కోయిస్తాను."

ఆవిడ చక్రం వైపు చూసింది. "ఆగింది కదరా" అంది. మోసుకెళ్ళడానికి డోలీ వచ్చేసరికి ప్రాణం పోయింది.

లైకోను మళ్ళీ స్టీరింగు పట్టలేదు. మద్ది దుంగలు తెచ్చి, మోకాలెత్తు చెక్కలు కోసి, ఈ కొండెక్కే ప్రతి బండికీ ఊరికే ఇచ్చేవాడు. చెక్క చేతికిస్తూ, "మా అక్క, జాగ్రత్త" అనేవాడు. చచ్చేదాకా అదే పని, అదే మాట. ఆవిడ బతికుండగా ఒక్కటి కోసుంటే! ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

అందుకే ఈ కొండ మీద దీన్ని చెక్క అనరు, గురుబారి అంటారు. బండికి కొత్తగా ఏం బిగించినా, ముందు గురుబారి కొలత చూసుకుంటారు. గొప్పలు చెప్పే డ్రైవరుంటే, "ఎక్కడం సరే, ఆగడం ఎలాగ?" అని టీ కొట్టంతా అడుగుద్ది. ఇప్పుడు ఎవరూ నవ్వరు. ఆగిన ప్రతిచోటా స్టీరింగు దగ్గరున్నవాడు "గురుబారి పెట్టేరా?" అని కేకేస్తాడు. "పెట్టేం" అని వినబడితేనే బ్రేకు మీంచి కాలు తీస్తాడు. నేనూ అంతే.

సరే, ఇంజను చల్లారింది. ఎక్కండి, ఎక్కండి. పాపా, నేను స్టార్టు చేసి చెయ్యి ఊపేక మీ అమ్మని గురుబారి తియ్యమను. కాలితో తన్నకూడదు. రెండు చేతులతో ఎత్తి, ఒళ్ళో పెట్టుకోమను.