ఉప్పు మోసిన అంకమ్మ

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరుంది బుజ్జీ. ఊరి చుట్టూ ఉప్పుమడులే. ఆ మడుల్లో మా అమ్మ అంకమ్మ ఉప్పు మోసేది. అవును, మీ అమ్మకి అమ్మమ్మ. నువ్వు చూళ్ళేదులే.

మడిలో మగవాళ్ళు ఉప్పు లాగి కుప్పలు వేసేవాళ్ళు. ఆడవాళ్ళు ఆ తడి ఉప్పుని గంపలకెత్తుకుని గట్టు మీదికి మోసేవాళ్ళు. పొద్దు వాలేదాకా అందరిదీ చాకిరే. కూలి మాత్రం మగవాళ్ళకి పది రూపాయలు, ఆడవాళ్ళకి ఆరు.

ఒకనాడు మా అమ్మ ఆ మడుల ఆసామిని అడిగింది, మాకూ పది ఇవ్వమని. "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాడు. వచ్చే ఏడూ వచ్చింది. మళ్ళీ అడిగింది. "మీది తేలిక పని అంకమ్మా" అని నవ్వాడు. ఆ తర్వాత ఉప్పు బాగా పండిన రోజుల్లో మూడోసారి అడిగింది. "ఇష్టముంటే మొయ్యి, లేకపోతే పో" అన్నాడు.

అప్పుడు మా అమ్మ గంప బోర్లించి గట్టు మీద కూర్చుంది. "తేలిక పనేగా, ఎవరిచేతనైనా మోయించుకోండి" అంది. ఆమెను చూసి ఆడవాళ్ళంతా గంపలు బోర్లించారు. రోజులు గడిచాయి. ఇళ్ళల్లో గంజి పల్చనైంది. అయినా ఒక్కరూ లేవలేదు.

ఆ తర్వాత ఆసామి మగవాళ్ళ నెత్తిన గంపలు పెట్టించాడు. మా నాన్న కూడా మోశాడు. ఉప్పునీళ్ళు కారి కళ్ళు మండాయి. మెడ పట్టేసింది. మధ్యాహ్నానికే గంప దించి, "దీన్నా తేలిక పనన్నది?" అంటూ వచ్చి మా అమ్మ పక్కన కూర్చున్నాడు. ఆయన వెనకే మిగతావాళ్ళూ.

అప్పుడు తూర్పున మబ్బు పట్టింది. వానొస్తే మడిలో ఉప్పంతా నీళ్ళే! ఆసామి పరుగున వచ్చాడు. "లేవండమ్మా, మీకూ పదే ఇస్తాను."

"ఈ ఒక్కరోజుకేనా?" అంది మా అమ్మ.

"ఎప్పటికీ. అందరి ముందూ చెప్తున్నా."

అప్పుడు లేచింది చూడు! ఆడా మగా కలిసి, చినుకు పడేలోగా ఉప్పంతా గట్టెక్కించి తాటాకు కప్పారు.

ఆ సాయంత్రం ఆసామి అలవాటుగా ఇద్దరి కూలీ మా నాన్న చేతికివ్వబోయాడు. నాన్న చెయ్యి వెనక్కి తీసుకుని, "ఆమెది ఆమెకియ్యండి" అన్నాడు. ఆ డబ్బు పిడికిట పట్టుకుని మా అమ్మ వీధిలో నడిచొస్తుంటే, నేను ఎదురెళ్ళి కొంగు పట్టుకున్నా. మా అమ్మ అంత పొడుగు మనిషని నాకప్పుడే తెలిసింది బుజ్జీ.

మడిలో ఉప్పు గట్టు పట్టె,
అమ్మ కూలి చేత పట్టె,
కథ కంచి దారి పట్టె,
నీ కంటికేమో కునుకు పట్టె.