కూర్మయ్య మూడు మూతల బండి

కొండలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, ఒక కొండకోట కింద కూర్మయ్య అనే బండివాడు ఉండేవాడు. అంత పిరికివాడు ఆ చుట్టుపక్కల లేడు. ఉరిమితే భయం. కప్ప గెంతితే భయం. తన ఎద్దులు తుమ్మితే మరీ భయం. బండి ఎక్కేముందు చక్రం చూసేవాడు, సీల చూసేవాడు, మళ్లీ చక్రం చూసేవాడు.

"నువ్వు బయల్దేరేసరికి సంత అయిపోద్ది మావా," అని పెళ్లాం అప్పలకొండ నెత్తి కొట్టుకునేది.

ఆ కోట రాజుగారి తాత ఒకప్పుడు శత్రువుల మీద విసరడానికని విషప్పొగ కుండలు చేయించి, మూడు కొండల గుహల్లో దాచాడు. శత్రువులు రాలేదు. తాతగారు పోయారు. కుండలు మిగిలాయి. రానురాను అవి బీటలు తీశాయి. పచ్చటి పొగ బయటికి రాసాగింది. మొదట మేకలు దగ్గాయి. తర్వాత కాపరులు దగ్గారు. ఆ తర్వాత కొండ కింద ఊళ్లలో పసిపిల్లలు దగ్గారు.

"ఆ విషం బూడిదనీళ్లలో చస్తుంది. కుండల్ని కోటకు తెప్పించండి, పెద్ద కాగులో వేద్దాం," అన్నాడు రాజవైద్యుడు.

ఒక వస్తాదు మీసం దువ్వుకుంటూ వెళ్లాడు. కుండ నెత్తిన పెట్టుకుని దిగుతూ బోర్లాపడ్డాడు. పగిలిన కుండ పొగకు మూడు రోజులు కళ్లనీళ్లు ఆగలేదు. ఇంట్లో ఎవరు పోయారోనని ఊరంతా పరామర్శకు వచ్చింది. తర్వాత మావటివాడు ఏనుగును తోలుకెళ్లాడు. గుహ దగ్గరికి రాగానే ఏనుగు తుమ్మింది. తన తుమ్ముకు తనే బెదిరి పక్కరాజ్యానికి పారిపోయింది. ఇక బండే గతి అన్నారు. భటులు కూర్మయ్య ఇంటికొచ్చారు.

"కూర్మయ్య ఉన్నాడా?"

"లేడు," అన్నాడు గాదెలోంచి కూర్మయ్య.

గాదెతో సహా మోసుకెళ్లి రాజుగారి ముందు దించారు.

"కుండలు తెస్తావా?" అన్నాడు రాజు.

"నాకు బయ్యం బాబయ్యా. దారంతా రాళ్లు. ఎద్దులకు కోపం. నా చేతులకు వణుకు. ఆ కుండలు కదిపితే సత్తాం. కుండల్ని కాగు దగ్గరికి తేవడం ఎందుకు, కాగునే కుండల దగ్గరికి తీసుకుపోతే?"

సభ నవ్వబోయింది. రాజుగారు నవ్వలేదు. "సరే, బండి మీద కాగు పెట్టిస్తాను. దానికో మూత."

"ఒక్క మూతంటే బయ్యం బాబయ్యా."

"రెండు."

"రెండోదాని మీద కూడా అనుమానమే బాబయ్యా."

"మూడు! ఇప్పుడు వెళ్తావా?"

"ఎల్తాను. అయినా బయ్యంగానే ఉంది."

అలా మూడు మూతల బండి తయారైంది. గుహ ముందే బండి ఆపేవారు. కుండను మెల్లగా బూడిదనీళ్లలోకి దించి, మూతల అంచులకు తడిమట్టి మెత్తేవారు. మూతల మధ్యలోంచి దిగే పొడుగాటి రోకలితో, లోపలే కుండను పగలగొట్టేవారు. ఒక పూట ఆగితే చాలని వైద్యుడు అంటే, కూర్మయ్య మూడు పూటలు ఆగేవాడు. మొదటి కొండ అయింది. రెండో కొండ అయింది.

మూడో కొండ మీద కుండలు మరీ పాతవి. రోకలి పడగానే కాగు బుసకొట్టింది. పొగ మొదటి మూత దాటింది. రెండో మూత దాటింది. మూడో మూత అంచున మట్టి చిట్లింది. భటులు పరుగు. వైద్యుడు అందరికన్నా ముందు పరుగు. కూర్మయ్యా పరుగెత్తబోయాడు. పంచె కొంగు మూత కింద ఇరుక్కుంది!

పంచె వదిలేసి ఉరకొచ్చు. కానీ కింద కనిపిస్తున్నది కూతురి అత్తవారి ఊరు. దారి వియ్యపురాలి గుమ్మం ముందు నుంచే. కూర్మయ్యకు విషమంటే భయమే, వియ్యపురాలంటే ఇంకా భయం. ఆ పక్కనే కూతురి వంటింటి పొగ తెల్లగా లేస్తోంది. మనవడు ఇంకా తప్పటడుగులు వేస్తున్నాడు.

కూర్మయ్య తడిమట్టి తీసి పగులు మీద మెత్తాడు. కళ్లు మండాయి. వేళ్లు మండాయి. "ఒలే అప్పలకొండా!" అని బావురుమన్నాడు. ఏడుపూ ఆపలేదు, మెత్తడమూ ఆపలేదు. చివరికి కాగు చల్లబడింది.

రాజుగారు స్వయంగా కొండెక్కి, "మహావీరుడివయ్యా!" అన్నాడు.

"లేదు బాబయ్యా. పంచె ఇరుక్కుంది."

ఆ తర్వాత ఏ రాజ్యంలో పాతకుండలు బయటపడినా ఆ బండే వెళ్లేది. కూర్మయ్య ముసలివాడై, పది వేళ్లూ పదిలంగా ఉండగానే, తన మంచం మీదే నిద్రలో పోయాడు.

కర్మకాండలు కాగానే బండి తమకిమ్మని వస్తాదులు వచ్చారు. గుమ్మానికి అడ్డంగా నిలబడింది అప్పలకొండ.

"ధైర్యవంతులు ఎనక్కి ఎల్లండి. మీలో పిరికోడెవడో సెప్పండి, ఆడికిత్తాను."

ఒకడు గొంతు సవరించుకుని, "నాకు బల్లులంటే బయ్యం," అన్నాడు. ఇంకొకడు, "నాకు బల్లి బొమ్మన్నా బయ్యమే," అన్నాడు. మూడోవాడు వీధి చివరిదాకా వెనక్కి నడిచి అక్కణ్ణించి చెయ్యెత్తాడు. బండి వాడికే దక్కింది.

ఇప్పటికీ ఆ కొండల్లో పాడుబడ్డ నుయ్యి పూడిక తియ్యాలన్నా, కందిరీగల తుట్టె దింపాలన్నా, పెద్దలు ముందు అడిగేది ఒక్కటే: "మీలో కూర్మయ్య ఎవరు?"

అప్పుడు మొదలవుతుంది గొడవ. నేనంటే నేనని మగవాళ్లంతా తోసుకుంటారు. ఎవరికి ఎక్కువ భయమో తేలేదాకా ఆ ఊళ్లో పని మొదలుకాదు.